అచ్చయిన ఏడు వేరు, రాసిన ఏడు వేరు

ఈమధ్య కోఠీలో కొన్న ‘కన్యాశుల్కం’ ప్రతి మీద ఏ 2015 అనో 2018 అనో ఉంటుంది. క్యాటలాగులో ఆ ఏడొక్కటే ఎక్కిస్తే, 1900కు ముందు వచ్చిన తెలుగు నాటకాలు వెతుక్కునే విద్యార్థికి గురజాడ కనిపించరు. హైదరాబాద్‌లో పాత తెలుగు పుస్తకాలకు క్యాటలాగు చేస్తుంటాను కాబట్టి ఈ లోటు నన్ను బాగా బాధపెడుతుంది. సరిచేయడం మాత్రం తేలికే.

గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహా అయినా ఇంకోటయినా, పుస్తక వివరాలను నంబర్లున్న ఫీల్డుల్లో నింపే మార్క్ రికార్డయితే పద్ధతి ఒకటే. 264 ఫీల్డులో చేతిలో ఉన్న ప్రతి అచ్చయిన ఏడే ఉండాలి, దాన్ని ముట్టుకోవద్దు. రచన జరిగిన ఏడుకు 046 ఫీల్డు ఉంది. మొదలుపెట్టిన ఏడు, లేదా తెలిసిన ఒక్క ఏడు అందులోని ‘కె’ సబ్‌ఫీల్డులో వేయాలి. ముగించిన ఏడు ‘ఎల్’లో. అది ఎక్కడ దొరికిందో 500 నోట్‌లో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం లేకపోతే మీ తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేది మామూలుగా ఆ రెండో కూర్పే. అందుకని 046లో 1892 వేసి, నోట్‌లో 1897, 1909 రెండూ రాస్తాను. 1909 వదిలేస్తే, ఈ పాఠమంతా 1892 నాటిదేనని పాఠకుడు నమ్ముతాడు.

ఏడు కోసం ముందుగా పీఠిక చివర చూడండి. అక్కడ ‘సౌమ్య నామ సంవత్సర ఫాల్గుణం’ అని ఉందనుకోండి. సౌమ్య 1909లోనూ వచ్చింది, 1969లోనూ వచ్చింది. రచయిత జీవితకాలం, ప్రెస్సు పేరు చూస్తే ఏదో తేలిపోతుంది. 1909 అని తేలినా సరే, ఫాల్గుణం ఉగాదికి ముందు నెల కాబట్టి 1910 వేయాలి. నిజాం కాలపు పుస్తకాల్లో అప్పటి సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి. ఆ ఏడు అక్టోబరులో మొదలయ్యేది, అందుకే 1357 ఫసలీ అంటే 1947-48.

కాపీరైట్ ఏడును రచనా కాలంగా ఎక్కించకండి. ఏ ఆధారమూ దొరక్కపోతే 046 ఖాళీగానే ఉంచండి. రచయిత ఎప్పుడు పోయారో తెలిస్తే, అంతకు ముందు రాసినదని నోట్‌లో పెడితే చాలు.