చలి ప్రాంతంలో లారీ స్టార్ట్ చేసే ముందు

యాపిల్ లోడు కోసం 44వ నంబరు హైవే మీద హైదరాబాద్ నుంచి శ్రీనగర్ వెళ్తున్నారా? ఇంజిన్ తొందరగా వేడెక్కాలంటే సగం పని ఇక్కడ బయల్దేరక ముందే ఉంటుంది.

• థర్మోస్టాట్ వాల్వ్ ఉందో లేదో చూడండి. ఎండాకాలంలో బండి హీటెక్కుతోందని మన దగ్గర చాలామంది దాన్ని పీకి పక్కన పడేస్తారు. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరిగి చల్లారిపోతుంటాయి. ఎంతసేపు నడిపినా టెంపరేచర్ ముల్లు బద్ధకంగా కిందే పడి ఉంటుంది. రేడియేటర్ ముందు అట్టలు, గోనెలు కట్టడం దీని తర్వాతి మాట.

• రేడియేటర్‌లో ఉత్త నీళ్లు వద్దు. కూలెంట్, నీళ్లు సగం సగం. నీళ్లు గడ్డకడితే ఇంజిన్ బ్లాకే పగలొచ్చు.

• రేడియేటర్ ముందు అట్ట పెడితే సగమే కప్పండి, ఫ్యాన్‌కు తగలకుండా కట్టండి. ముల్లు మధ్యకు రాగానే తీసేయాలి. ఘాట్ ఎక్కేటప్పుడు మర్చిపోయారో, చలిలోనూ ఇంజిన్ ఉడుకుతుంది.

• ఆయిల్ చాంబర్ కింద మంట పెట్టకండి. ఎవరు చెప్పినా సరే.

• స్టార్టయ్యాక రేస్ చేయొద్దు. గంటసేపు ఐడిల్‌లో వదలడమూ దండగే, డీజిల్ ఇంజిన్ అలా సరిగా వేడెక్కదు. ఆయిల్ ప్రెషర్ వచ్చి, బ్రేకులకు ఎయిర్ నిండాక చిన్న గేర్లలో మెల్లగా కదిలించండి.

• కిందటి రాత్రే బ్రేకుల ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు బయటికి వదిలేయండి.

• బండి వేడెక్కేలోపు క్యాబిన్ అద్దాలు బిగించుకుని బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన కూడా ఉండదు, నిద్రలోనే ప్రాణం పోవచ్చు.