మా వడ్ల కేంద్రంలో జట్టు కుదిరిన తీరు

మిర్యాలగూడ దగ్గర మా మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం బాధ్యత నాది. అందరూ కష్టపడేవాళ్లే. కానీ తేమ చూసే అక్క ఒక కుప్ప దగ్గర, హమాలీలు ఇంకో కుప్ప దగ్గర! తేమ 17 శాతం దాటితే తూకం వేయకూడదు కదా, రైతుల కోపమంతా ఆమె ఒక్కదాని మీదే.

ఇప్పుడు తేమ ఎంతొచ్చిందో చీటీ రాసి కుప్ప మీదే పెడుతున్నాం. రేపు తూచే కుప్పలేవో సాయంత్రమే హమాలీ మేస్త్రీకి చెప్తున్నాం. వాళ్లకు కూలి బస్తా లెక్కన, ఖాళీగా కూర్చోబెట్టడం అన్యాయం.

కాంటా తేడా అనిపిస్తే ఎవరైనా ఆపొచ్చని కూడా చెప్పాను. మొదట ఆపింది సంచులు కుట్టే పిల్లగాడు. "అక్కా, ఖాళీ కాంటా సున్నా చూపిస్తలేదు" అన్నాడు. తూచినవన్నీ మళ్లీ తూచాం, ఎవరూ విసుక్కోలేదు. ఆ రోజు నుంచి అందరూ ధైర్యంగా నోరు విప్పుతున్నారు.