పాత కారుకి సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్: కొనేముందు గుర్తుపట్టడం ఎలా?

పాత షెవర్లే ఇంజిన్ బాగు చేయించుకోవడం ఒక ఎత్తు, దానికి కలిసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వెతికి పట్టుకోవడం ఒక ఎత్తు. హైదరాబాద్‌లో రాణిగంజ్ దుకాణాల్లో, వనస్థలిపురం ఆటోనగర్ షెడ్లలో అడుగుతూ తిరిగితే ఎవరో ఒకరు జిడ్డు పట్టిన పెట్టె ఒకటి మూలనుంచి బయటికి లాగుతారు. "ఇది షెవర్లేదే అన్నా, కండ్లు మూస్కొని తీస్కపో" అంటారు. ఆ మాట మీద నేనొకసారి తెచ్చుకున్నాను. ట్రాలీ కిరాయి కట్టి ఇంటికి చేర్చాక చూస్తే ఇంజిన్ వెనక రంధ్రాలకి కలవలేదు. అదీ షెవర్లే వాళ్ల కంపెనీ జనరల్ మోటార్స్ పెట్టెనే, కానీ అదే కంపెనీ బ్యూక్, పాంటియాక్ ఇంజిన్ల కోసం చేసింది. అమ్మినాయన మోసం చేశాడనుకోను, ఆయనకీ తెలియదు. అందుకే పెట్టెను మనమే చదవడం నేర్చుకోవాలి.

ఇంటి దగ్గర చేయాల్సిన పని

బజారుకి వెళ్లేముందు ఒక గట్టి అట్ట తీసుకోండి. క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) చివర బయటికి వచ్చేలా మధ్యలో గుండ్రంగా కోసి, అట్టను ఇంజిన్ వెనక ముఖానికి ఆనించండి. బోల్టు రంధ్రాల మీద చిన్న సుత్తితో మెల్లగా తడితే రంధ్రం అంచు అట్ట మీద అచ్చుగా పడుతుంది. ఆ అచ్చుల ప్రకారం అట్టకు రంధ్రాలు చేసి చుట్టకుండా తీసుకెళ్లండి. దుకాణంలో అదే అట్టను గ్యాస్కెట్‌లాగా బెల్ హౌసింగ్ (పెట్టె ముందుండి ఇంజిన్‌కి బిగించే గంట ఆకారపు భాగం) మీద పెట్టి చూస్తే చాలు, సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. నేను ముందే ఈ పని చేసి ఉంటే ఆ కిరాయి మిగిలేది.

అట్ట లేకపోతే కంటితోనైనా చూడండి. బ్యూక్, ఓల్డ్స్‌మొబిల్, పాంటియాక్ రకానికి బెల్ హౌసింగ్ నెత్తిన, పై రెండు బోల్టుల మధ్య, లోయలాంటి పల్లం ఉంటుంది. షెవర్లేకి ఆ పల్లం ఉండదు. రెండు రకాల రంధ్రాలూ ఉన్న పెట్టెలు కూడా తర్వాత వచ్చాయి. అలాంటిది దొరికితే అదృష్టమే.

బోల్టులు లెక్కపెట్టండి

టార్చ్, వైర్ బ్రష్, గుడ్డ, సీసాలో కొంచెం కిరోసిన్ వెంట ఉండాలి. పెట్టె అడుగున ఉండే ఆయిల్ పాన్ అంచు తుడిచి బోల్టులు లెక్కపెట్టండి. లెక్క ఒక్కటే చాలదు, పాన్ ఆకారం కూడా చూడాలి.

13 బోల్టులుండి, చదరపు పాన్‌కి ఒక మూల కోసేసినట్టు ఉంటే అది 1969లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350. అవే 13 బోల్టులతో పాన్ వంకరటింకరగా, ఏ ఆకారమూ కాకుండా ఉంటే టర్బో 400. ఇది 1964 నాటిది, గట్టి పెట్టె. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోలో కూడా దీన్నే వాడారు. 14 బోల్టులుంటే రెండు గేర్ల పవర్‌గ్లైడ్ కావచ్చు. 16 ఉండి పాన్ దాదాపు చదరంగా ఉంటే 1982 తర్వాతి నాలుగు గేర్ల 700ఆర్4 లేదా దాని వారసుల్లో ఒకటి. ఫోర్డ్ వాళ్ల సీ4కి 11, సీ6కి 17. క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్‌కి కూడా 14 ఉంటాయి కాబట్టి, 14 కనబడగానే పవర్‌గ్లైడ్ అని తేల్చేయకండి.

350కి, 400కి తేడా ఇంకోలా కూడా తెలుస్తుంది. 350కి కిక్‌డౌన్ (యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే కింది గేరుకి దిగడం) కోసం పక్కనుంచి కేబుల్ వస్తుంది. 400కి కేబుల్ ఉండదు, కరెంటు వైరు తగిలించే ప్లగ్ ఉంటుంది.

చేత్తో క్లిక్కులు వినండి

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇది. పెట్టె పక్కన బయటికి వచ్చే సెలెక్టర్ షాఫ్ట్‌కి లివర్ తగిలించి ఒక చివరనుంచి ఇంకో చివరకి నెమ్మదిగా తిప్పండి. లోపల స్ప్రింగు పట్టు ఒక్కో గాడిలో పడుతుంటే చేతికి స్పష్టంగా తెలుస్తుంది. పవర్‌గ్లైడ్‌లో 5 స్థానాలు, టర్బో 350, 400లలో 6, 700ఆర్4లో 7. పార్క్ స్థానంలో పెట్టి వెనక షాఫ్ట్ తిప్పి చూడండి, తిరగకూడదు. తిరుగుతోందంటే పార్కింగ్ పట్టు అరిగినట్టే, ధర మాట్లాడేముందు ఆ సంగతి చెప్పండి.

నంబర్లు

టర్బో 400కి కుడి పక్కన చిన్న రేకు బిళ్ల ఉంటుంది. దాని మీది మొదటి రెండంకెలు మోడల్ సంవత్సరం, తర్వాతి అక్షరాలు అది ఏ కారుకి వెళ్లిందో చెప్పే కోడ్. బిళ్ల ఊడిపోయిన పెట్టెలు చాలా కనబడతాయి, కంగారు పడకండి, ఆకారం అబద్ధం చెప్పదు. మీది పాత మెర్సిడెస్ అయితే పని తేలిక. ఆయిల్ పాన్ అంచుకి పైన, కేసు పక్కన 722తో మొదలయ్యే నంబరు కొట్టి ఉంటుంది. ఆ నంబరు మీ పాత పెట్టెదానితో అంకె అంకె కలవాలి. వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దకండి, అంకెలు చెరిగిపోతాయి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అంకెలు లేచి కనబడతాయి.

లోపల ఎలా ఉంది?

ఇంకా నూనె మిగిలి ఉంటే వేలికి రాసుకుని వాసన చూడండి. ఎర్రగా ఉంటే మంచిది. గోధుమ రంగులో మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలాయి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే పాన్ విప్పించండి. అడుగున పల్చటి బూడిద రంగు మడ్డి ఉండటం మామూలే. మెరిసే లోహపు పొరలుంటే ఆ పెట్టెకి పూర్తి మరమ్మతు తప్పదు, ఆ లెక్కన ధర కట్టండి.

టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిరుగుడును నూనె ద్వారా పెట్టెకి అందించే గుండ్రటి డబ్బా) కూడా అడిగి తీసుకోండి, విడిగా వెతకడం కష్టం. చిన్న షెవర్లే వీ8లకి ఫ్లెక్స్ ప్లేట్ (ఇంజిన్‌ని కన్వర్టర్‌తో కలిపే పళ్ల చక్రం) పళ్లు 153 గానీ 168 గానీ ఉంటాయి, మీదేదో లెక్కపెట్టి రాసుకోండి. పెట్టె వెనక తోకలా సాగిన భాగం పొడవు కూడా టేపుతో కొలవండి, ఒకే రకం పెట్టెకి పొట్టి తోక, పొడుగు తోక రెండూ ఉంటాయి. తేడా వస్తే వెనక చక్రాలకి శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించాల్సి వస్తుంది.

బిగించేరోజు కన్వర్టర్‌ని తిప్పుతూ లోపలికి నెట్టండి. టక్, టక్ అని మెట్టు మెట్టుగా దిగి, చివరికి పెట్టె లోపలి ఆయిల్ పంపు గాడిలో కూర్చుంటుంది. బెల్ హౌసింగ్ బోల్టులు బిగించాక కన్వర్టర్‌కి, ఫ్లెక్స్ ప్లేట్‌కి మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు మిగలాలి. సందు లేకుండా బోల్టులతో బలవంతంగా దగ్గరికి లాగితే ఇంజిన్ మొదటిసారి తిరగగానే పంపు పగులుతుంది.