కాన్వాస్ ప్రింట్‌కి వార్నిష్ వేసే ముందు

ఇంక్‌జెట్‌లో కాన్వాస్ మీద ఫొటో ప్రింట్ చేయించుకుంటే, చేతికి ఆరినట్టే తగిలినా ఆ రోజే వార్నిష్ వేయకండి. ఇంకులోని గ్లైకాల్ లాంటి ద్రవాలు మెల్లగా ఆవిరవుతాయి. కనీసం 24 గంటలు గాలికి వదిలేయండి. వానాకాలమైతే ఇంకో రోజు ఆగడమే మంచిది.

ఇంకు ఏ రకమో ప్రింట్ చేసినవాళ్ళని తప్పకుండా అడగండి. పిగ్మెంట్ ఇంకయితే (రంగు నీటిలో కరగని సన్నటి పొడిగా ఉండేది) నీటి ఆధారిత యాక్రిలిక్ వార్నిష్ చాలు. డై ఇంకు (రంగు ద్రవంలో కరిగి ఉండేది) మీద అదే వేస్తే రంగులు పాకుతాయి, దానికి సాల్వెంట్ స్ప్రే, అంటే నీటికి బదులు రసాయన ద్రావకంతో చేసిన వార్నిష్ స్ప్రే వాడాలి. అనుమానం ఉంటే అంచున మిగిలిన ముక్క మీద తడి దూది అద్ది చూడండి. రంగు దూదికి అంటితే నీటి వార్నిష్ జోలికి పోవద్దు.

డబ్బాను గిలక్కొట్టకండి, బుడగలొస్తాయి. పుల్లతో నిదానంగా కలిపి, ఫోమ్ రోలర్‌తో పలచగా రెండు పూతలు వేయండి. పచ్చిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా కనిపిస్తుంది. కంగారుపడి మళ్ళీ రుద్దారంటే రోలర్ గుర్తులు ఉండిపోతాయి. వదిలేస్తే ఆరేకొద్దీ అదే తేటపడుతుంది.

చెక్క ఫ్రేముకి బిగించడం మాత్రం పూత పూర్తిగా ఆరాకే. పూత లేకుండా మడిస్తే మూలల్లో ఇంకు చిట్లి తెల్ల గీతలు పడతాయి.