పళ్లు జివ్వుమంటే నేనేం చేశానంటే

ఆర్కే బీచ్‌లో చల్లటి నిమ్మ సోడా ఒక్క గుక్క తాగానో లేదో, ఎడమవైపు పళ్లు జివ్వుమన్నాయి. ప్రాణం పోయినంత పనైంది. పుచ్చిపోయిందేమోనని భయపడుతూ పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

"పుచ్చు లేదు బాబూ, గట్టి బ్రష్‌తో అరగదీశావు" అన్నారావిడ. చిగురు వెనక్కి జరిగి పంటి మొదట్లో డెంటిన్ (పంటి లోపలి పొర) బయటపడిందట. డెంటిన్ నిండా కంటికి ఆనని సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. చల్లటిది తగిలితే ఆ ద్రవం కదిలి లోపలి నరాన్ని రేపుతుంది. జివ్వుమనేది అందుకే.

ఆవిడ రాసిన పేస్టులో 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉంది. ఆ పొటాషియం గొట్టాల్లోంచి నరం దాకా చేరి, దాన్ని నొప్పి కబురు పంపనివ్వదు. స్ట్రాన్షియం, ఆర్జినిన్, స్టానస్ ఫ్లోరైడ్ ఉన్న పేస్టుల పని వేరు: అవి గొట్టాల మూతుల్నే పూడుస్తాయి.

మూడు రోజులు వాడి, డబ్బులు దండగ అని పక్కన పడేశాను. తొందరపాటు నాదే. ఇది తలనొప్పి మాత్ర కాదు. రెండు పూటలా వాడితే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మళ్లీ మొదలెట్టి, మెత్తటి బ్రష్ కొని, తోమాక నోరు పుక్కిలించకుండా నురుగు ఉమ్మి ఊరుకున్నాను. (మా ఆవిడకి ఇది ఇప్పటికీ అసహ్యమే.)

మూడో వారంలో ఐస్‌క్రీమ్ కొరికి చూశాను. కొంచెం చురుక్కుమంది, అంతే. సోడా మానలేదు గానీ, తాగిన అరగంట దాకా బ్రష్ ముట్టుకోను. పేస్టు మానేస్తే మళ్లీ జివ్వుమంటుందని డాక్టరమ్మ ముందే చెప్పారు, అందుకే ఇంకా వాడుతూనే ఉన్నాను.