వైజాగ్‌లో వేలం ప్లాటు కొనే ముందు చూసుకోవాల్సినవి

వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ), హౌసింగ్ బోర్డు లాంటి సంస్థలు లేఅవుట్లలో మిగిలిపోయిన ప్లాట్లను ఈ-వేలంలో అమ్ముతాయి. ఎక్కువమంది వేలం రోజు గురించే కంగారు పడతారు. అసలు పని అంతకు ముందు వారంలోనే ఉంటుంది.

నోటిఫికేషన్‌లో ముందు వెతకాల్సిన మాట ‘ఉన్నది ఉన్నట్టుగా’. అది ఉంటే రాయి, పల్లం, ఆక్రమణ అన్నీ మీ నెత్తినే. అందుకే టేపు పట్టుకుని స్థలానికి వెళ్ళండి. మధురవాడ, రుషికొండ వైపు కొండ వాలు ప్లాట్లలో రిటైనింగ్ వాల్ ఖర్చు బడ్జెట్‌ను తిరగరాస్తుంది. పక్కన గెడ్డ (వాగు) ఉంటే వాన పడ్డ మర్నాడు మరోసారి చూడండి. తల పైకెత్తి హైటెన్షన్ తీగలు కూడా. సముద్రానికి దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాలపై ఆంక్షలుండే ప్రాంతం) పరిధిలోకి వస్తుందేమో అడగండి.

కాగితాల్లో ఒక చిక్కుంది. ఈసీ (ఆ భూమిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) ఖాళీగా వచ్చిందని చాలామంది సంబరపడతారు. భూసేకరణలో సంస్థ చేతికొచ్చిన భూమికి అమ్మకం రిజిస్ట్రేషన్ ఉండదు, అవార్డే (సేకరణ అధికారి ఇచ్చే పరిహార ఉత్తర్వు) ఆధారం. ఈసీలో ఏమీ కనబడకపోవడం అక్కడ మామూలే. కాబట్టి సర్వే నంబరు, అవార్డు నకలు, ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను అడిగి తీసుకోండి. పరిహారం మీద పాత రైతుల కేసులేమైనా నడుస్తున్నాయేమో ఊళ్ళో వాకబు చేయండి. 22-ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఆ సర్వే నంబరు కనిపిస్తే కారణం చదవండి: సంస్థ సొంత భూమి అని ఉండటం వేరు, దేవాదాయమో వక్ఫో అని ఉండటం వేరు. సింహాచలం పంచగ్రామాల చిక్కు (ఐదు ఊళ్ళలో దేవస్థానం భూముల వివాదం) తెలిసిన ఊరు మనది. అడవివరం, వేపగుంట వైపైతే ఈ అడుగు దాటవేయొద్దు.

ఇక లెక్క. 267 గజాలు, గజం 40 వేల కనీస ధర అనుకుందాం. పాట 46 వేల దాకా వెళ్తే 1,22,82,000. రిజిస్ట్రేషన్, స్టాంపు కలిపి 7.5 శాతం లెక్కన 9,21,150. మొత్తం 1,32,03,150, మట్టి, ప్రహరీ ఇంకా బయటే. గజానికి మీ ఆఖరి అంకె కాగితం మీద రాసుకుని కూర్చోండి. చివరి నిమిషంలో పాట వస్తే గడువు తనంతట తానే పెరిగేలా పెడతారు, ఆ ఊపులోనే జనం దాటిపోతారు.

వేలం పోర్టల్‌లో నమోదు, ధరావతు (పాటకు ముందు కట్టే డిపాజిట్) రెండు రోజుల ముందే కానివ్వండి, ఆఖరి రోజు చెల్లింపు ఇరుక్కుంటే దిక్కు లేదు. ఎవరి పేరున రిజిస్టర్ చేయించాలో ముందే తేల్చుకుని ఆ పేరుతోనే పాడండి, తర్వాత భార్య పేరో కొడుకు పేరో చేర్చమంటే ఒప్పుకోకపోవచ్చు.

వేలం గెలవడం కేటాయింపు కాదు. సంస్థ ఖరారు చేసి లేఖ ఇచ్చాకే మీది. అందులోని గడువుకు డబ్బు కట్టకపోతే ధరావతు పోతుంది. బ్యాంకు లోను గెలిచాక వెతుక్కునేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రిజిస్ట్రేషన్‌కు ముందు సర్వేయరు చేత హద్దురాళ్ళు పాతించుకోండి. విస్తీర్ణం కొలతలో తేడా వస్తే ఆ మేరకు ధర సవరించమని అప్పుడే రాతపూర్వకంగా అడగాలి.