పాలరాతి పవిత్రజల తొట్టి కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

ఇటలీ చర్చిల్లో గుమ్మం దాటగానే గోడకో స్తంభానికో పాలరాతి తొట్టి కనిపిస్తుంది. అక్కడివాళ్లు దాన్ని ఆక్వాసాంతియేరా అంటారు. అందులోని పవిత్ర జలంలో వేళ్లు ముంచి, సిలువ గుర్తు వేసుకుని లోపలికి వెళతారు. ఇలాంటివి '17వ శతాబ్దం, కరారా పాలరాయి' అన్న చీటీతో అమ్మకానికి వస్తుంటాయి (కరారా ఇటలీలో పాలరాతి గనులకు పేరున్న ఊరు). ఫొటోల్లో దేవదూత ముఖమో, ఆల్చిప్ప చెక్కడమో ఉంటుంది. అది ఎవరైనా చెక్కగలరు. అసలు సంగతి వీపు మీదా గిన్నె లోపలా ఉంటుంది. ఆ రెండు ఫొటోలు పంపనివాళ్లతో బేరం మొదలుపెట్టకండి.

ముందు రాయి సంగతి. గోరుకే గీత పడితే అది జిప్సం జాతి అలబాస్టర్ అనే మెత్తని రాయి. నీళ్లు నిలవుంటే మెల్లగా కరుగుతుంది కాబట్టి తొట్టిగా పనికిరాదు. అసలు పాలరాయి విరిగినచోట టార్చి వేస్తే పంచదార పలుకుల్లా మెరుస్తుంది. పాలరాతి పొడిని రెసిన్‌లో కలిపి పోత పోసినదైతే అచ్చు అతుకు గీత, సన్నటి బుడగల గుంటలు కనిపిస్తాయి. పాలరాయైతే పొంగుతుందని, నిమ్మరసం చుక్క వేసి చూడమని కొందరు చెబుతారు, వేయకండి. పొంగు ఆ పోతలోనూ రావచ్చు, అసలు రాయికైతే మచ్చ మిగులుతుంది. దానికంటే తూకం నయం. పది సెంటీమీటర్ల పాలరాతి ఘనం 2.7 కిలోలు తూగుతుంది. 35 సెంటీమీటర్ల వెడల్పు, 20 ముందుకు, 18 ఎత్తున్న దిమ్మ దాదాపు 34 కిలోలు. అంచులు గుండ్రం చేసి లోపల తొలిచాక అందులో మూడోవంతు నుంచి సగం వరకు మిగలాలి. ఐదు కిలోలే ఉందంటే అనుమానించాల్సిందే.

గోడలో దూరే వైపును పాతకాలపు శిల్పి నునుపు చేసేవాడు కాదు. మొన ఉలి గాట్లు, పళ్ల ఉలి గీతలు అలాగే ఉంటాయి. విల్లులా వంగిన సమాన గీతలుంటే అది రంపపు చక్రం పని. అయితే గోడ నుంచి కోసి తీసినప్పుడు కూడా ఆ గీతలు పడతాయి. అలాంటప్పుడు పక్కల పాత సున్నం అంటుకుని ఉందేమో చూడండి. ఇనుప మేకు రంధ్రం చుట్టూ పగులుంటే ధర తగ్గించమనండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాయిని లోపలి నుంచే చీలుస్తుంది.

ఇక గిన్నె. పాత ఆచారంలో పవిత్ర జలంలో దీవించిన ఉప్పు కలిపేవారు. ఆ ఉప్పు రాతి రంధ్రాల్లోకి దిగి స్ఫటికాలు కట్టి, నీటిమట్టం దగ్గర రాయిని రవ్వరవ్వగా రాలుస్తుంది. అంచు అరుగుదల వేళ్లు తగిలే ముందుభాగంలోనే ఎక్కువ ఉండాలి. చెయ్యి అందని మూలల్లో కూడా సమానంగా అరిగిందంటే యాసిడ్ పోసి ముసలిది చేశారన్నమాట. లోపలి అడుగు గుండ్రంగా నున్నగా అరిగి, బయట నాలుగు చెవులుంటే మీ చేతిలో ఉన్నది బహుశా వంటింటి రోలు!

కాగితాలు లేకుండా కొనకండి. 70 ఏళ్లు దాటిన కళాఖండాలను ఇటలీ దాటించడానికి 2004 నాటి సాంస్కృతిక సంపద చట్టం కింద పత్రాలు కావాలి. చర్చిల నుంచి దొంగిలించినవి చాలా ఉంటాయి కాబట్టి, ఇంటర్‌పోల్ ఐడీ-ఆర్ట్ యాప్‌లో వెతకండి. ఏ చర్చిదో, ఎవరి అనుమతితో బయటికి వచ్చిందో రాతపూర్వకంగా అడగండి.

మోసేటప్పుడు అంచు పట్టుకోకండి, అడుగున చేతులు పెట్టండి. బిగించడానికి ఇనుము వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు, సున్నపు గార వాడండి. ఎపాక్సీ జిగురుతో అతికిస్తే మళ్లీ రాయి విరగకుండా ఊడదీయలేరు. వెనిగర్, బాత్రూం క్లీనర్ దగ్గరికి రానివ్వకండి. డిస్టిల్డ్ వాటర్, మెత్తని బ్రష్షు చాలు. నీళ్లు రాతిలో నేరుగా పోయకండి. గిన్నెలో ఇమిడే గాజు పాత్ర పెట్టి అందులో పోస్తే, ఉప్పు నీళ్లు రాతిని తాకవు, మార్చడమూ సులువు.